సాక్ష్యాల వేళలో చదివిన పన్నెండో అధ్యాయం

మాట పలికే నోటినీ, ఆ మాటను విని నమ్మే చెవినీ చేసిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన ఇచ్చిన ఓపికతోనే ఏడేళ్లు కూర్చుని ఒక నవల రాశాను. ఆయన కృప లేకపోతే అది అచ్చయ్యేది కాదు. దాని వల్ల తర్వాత జరిగిన దానిలో ఆయన చిత్తం ఎంతో, నా తెలివితక్కువతనం ఎంతో మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. తేలని సంగతినే తేలనట్టుగా రాస్తున్నాను.

నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. ఆదివారాలు సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం చెప్తాను. మా నాయిన లింగాల ఘనపూర్ చుట్టుపక్కల ఊళ్లలో సైకిలు మీద తిరిగి సువార్త చెప్పినవాడు. నాకు అక్షరాలు బడిలో రాలేదు, ఆయన ఒడిలో కూర్చుని వాక్యం మీద వేలు పెట్టి చదువుతుంటే వచ్చాయి. అందుకే చాలా ఏళ్లు అచ్చులో ఉన్నదంతా జరిగిందే అనుకునేదాన్ని. ఎవరో ఊహించి రాసినవి కూడా అచ్చు వేస్తారని ఎనిమిదో తరగతిలో తెలిసినప్పుడు ఏడ్చినంత పని చేశాను. ఆ తర్వాత అదే పని నేనూ మొదలుపెట్టాను.

నా నవలలో భూపాలపల్లి క్వార్టర్లలో ఉండే ఒక గని కార్మికుని భార్య తన కథ తానే చెప్పుకుంటుంది. ఆమెకు ఫిట్స్ వస్తాయి. నాకు ఫిట్స్ లేవు. మా పెద్దమ్మ వాళ్లు ఆ క్వార్టర్లలో ఉండేవాళ్లు కాబట్టి సెలవులకు పోయి ఆ ఇళ్లూ, ఆ వాకిళ్లూ చూశాను, అంతే. మిగిలిందంతా అల్లుకున్నదే. పన్నెండో అధ్యాయంలో ఆమె ఉపవాస ప్రార్థన నుంచి ఇంటికొచ్చి, డాక్టరు రాసిన గోలీలన్నీ తీసుకపోయి పెంటకుప్ప మీద పారేస్తుంది. పదిహేనో అధ్యాయంలో పొయ్యి దగ్గర పడిపోతుంది, చెయ్యి కాలుతుంది. దవాఖానకు పోతుంది, మళ్లీ గోలీలు మొదలుపెడుతుంది, దేవుని మీద అలుగుతుంది. నేను రాయాలనుకున్నది ఆ అలక గురించే. గోలీలు పారేయడం ఆ అలకకు తొవ్వ మాత్రమే.

సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్లకు రాయడంతో పని అయిపోదు, పుస్తకాలను మోయాలి. బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణం ఆయన ఐదు కాపీలు తీసుకుని పోటీ పరీక్షల గైడ్ల వెనక పెట్టాడు. నెల తర్వాత పోయి అడిగితే, "మేడం, ఒకాయన తీసి చూసిండు. గాని ఇందుల ముఖ్యమైన ప్రశ్నలు లెవ్వని మళ్ల ఆడనే వెట్టిండు" అన్నాడు. కోస్తా నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేసి, నవల బాగుందమ్మా, ఎవరిచేతనైనా భాష దిద్దించి ఉండాల్సింది అన్నాడు. స్తోత్రం అని పెట్టేశాను. ఆ మాట చాలా చోట్ల ఆదుకుంటుంది.

మార్కెట్ యార్డులో గుమస్తా పని చేసే మా ఆయన మాత్రం రోజూ ఒక మాట అనేవాడు. "మంచం కింద పెట్టెలు అట్లనే ఉన్నయ్. ఎలుకలు గూడ ముట్టుతలెవ్వు. నీ భాష వాటికి గూడ పడుతలేనట్టున్నది."

"ఎలుకలు ముట్టనందుకు సంతోషపడు" అనేదాన్ని నేను.

ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్‌గా పొద్దున ఒక వాక్యం, దాని వెనకనే నా పుస్తకం అట్ట పెట్టేదాన్ని. మా సంఘం వాళ్లు వాక్యానికి ఆమేన్ అని జవాబు పెట్టేవాళ్లు, అట్టకూ ఆమేన్ అనే పెట్టేవాళ్లు. కొనేవాళ్లు మాత్రం లేరు. పుస్తకాలు ఎట్లా అమ్మాలో చెప్పే వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఒకతను అందులో రెండు సంగతులు నొక్కి చెప్పాడు. నలుగురిలో చదివేటప్పుడు ముందుమాటలు చెప్పకుండా నేరుగా కథలోకి దిగాలట. ఎక్కడ ఆపితే వినేవాళ్లకు ఆత్రం పుడుతుందో అక్కడ ఆపేయాలట. నోటుబుక్కులో రాసుకున్నాను. బడిలో పిల్లలకు చెప్పే పాఠాన్ని కూడా అంత శ్రద్ధగా రాసుకోను.

అప్పుడే మహబూబాబాద్ నుంచి తెలిసిన పాస్టరమ్మ ఫోన్ చేశారు. నెలకొకసారి స్త్రీల కూడిక పెడతారు, చుట్టుపక్కల మండలాల నుంచి వస్తారు. "పాటలకు, వాక్యానికి నడుమ సాక్ష్యాలు ఉంటయి గద అక్కా. అండ్ల మీకు పది నిమిషాలు ఇస్త. మీ పుస్తకం గురించి చెప్పున్రి" అన్నారు.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. దేవుడు తన బతుకులో చేసిన మేలును విశ్వాసి లేచి నిలబడి అందరి ముందు చెప్పడం. దాంట్లో కల్పించి చెప్పేవాళ్లు ఉండరు. ఉండకూడదు. పుట్టినప్పటి నుంచి సంఘంలో పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ రైలు ఎక్కినప్పటి నుంచి నా మనసంతా ఆ పది నిమిషాల మీదనే ఉంది.

ఆ రోజు నా ముందు ఇద్దరు చెప్పారు. ఒకామె తప్పిపోయిన బర్రె ఎట్లా దొరికిందో చెప్పింది. ఇంకొకామె బోరులో నీళ్లు పడ్డ సంగతి చెప్పింది. తర్వాత నన్ను పిలిచారు. అందరిలాగే ప్రభువుకు స్తోత్రం అన్నాను. ముందుమాట ఏదీ చెప్పకుండా పుస్తకం తెరిచి పన్నెండో అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. నవల మొత్తం ఆ కార్మికుని భార్య "నేను" అనే చెప్తుంది, అదీ మన మాటతీరులోనే. నేను పడ్డ బాధ, నేను చేసిన ఉపవాసం, నేను నడిచొచ్చిన తొవ్వ. రెండో పేజీకే ఆమేన్లు మొదలయ్యాయి. గోలీలు పారేసిన చోటికి వచ్చేసరికి హాలు మారుమోగింది. ఎవరో కంజీర కొట్టారు. అక్కడ ఆపి, మిగతాది పుస్తకంలో చదవండి అని కూర్చున్నాను.

కూడిక అయ్యాక తీసుకపోయిన పుస్తకాలన్నీ అయిపోయాయి. కొన్నవాళ్లలో ముగ్గురు ఆ పుస్తకాన్ని నా చేత తమ తల మీద పెట్టించుకున్నారు. నాకు అక్కడే అనుమానం రావలసింది. నేను మాత్రం ఈ జిల్లాలో నవలలంటే ఎంత ప్రేమ అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ వైపు తిరిగి ఆనందంతో ఏడ్చాను. ఇన్నాళ్ల ప్రార్థనకు ఇది జవాబు అని దేవునికి చెప్పుకున్నాను.

మూడు వారాల తర్వాత పాస్టరమ్మ మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో సంతోషం ఉంది.

"వందనాలు అక్కా. మంచి ముచ్చట చెప్దామని చేసిన. మీ పుస్తకం కొన్న మా గూడూరు అక్క ఒకామె, సదువు గూడ రాదు, మీ సాక్ష్యం ఇని ఫిట్స్ గోలీలు బంద్ వెట్టింది. ఇరవై రోజులైతుంది. ఎంత విశ్వాసం చూడున్రి!"

"నా సాక్ష్యమా?"

"గోలీలు పెంట మీద పారేసిన అన్నరు గద."

"అక్కా, అది నేను కాదు."

"అవునక్కా, మీరు కాదు. మీలున్న ప్రభువు."

ఆవిడే చెప్పుకుంటూ పోయారు. ఆమె మొన్న ఒకసారి పడిందట, నొసట దెబ్బ తగిలిందట. అది విశ్వాసానికి పరీక్ష అని సంఘమంతా ఆమె కోసం ప్రార్థిస్తున్నారట. కూతురు వచ్చి భూపాలపల్లి తీసుకపోయిందట. వచ్చే కూడికలో కూడా నేను సాక్ష్యం చెప్పాలట.

ఫోన్ పెట్టి పుస్తకం తెరిచాను. ఎవరో చదువు రాని అక్క, నేను కూర్చుని అల్లిన రెండు పేజీల మీద తన పానం పెట్టింది. ఆమె కొన్న పుస్తకంలోనే పదిహేనో అధ్యాయం ఉంది, కానీ ఆమె చదవలేదు. చదవగలిగిన పాస్టరమ్మ కూడా చదవలేదు. వాళ్లు కొన్నది నవలను కాదు, సాక్ష్యాన్ని.

పోయి గోలీలు వేసుకోమని చెప్పాలి. అంతవరకు తేలికే. చెప్పాలని మోకరిస్తే మాత్రం నాకు గందరగోళమయ్యేది. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. మా నాయిన చేతులు పెట్టి ప్రార్థిస్తే జ్వరం దిగడం కళ్లతో చూశాను. ఇప్పుడు పోయి గోలీ వేసుకో అంటే ఒక విశ్వాసిని వెనక్కి లాగినట్టా? చెప్పకుండా ఊరుకుంటే ఆమెను చంపినట్టా? ప్రభువు కూడా ఉపమానాలు చెప్పాడు కదా అని ఒక పూట ధైర్యం తెచ్చుకున్నాను. ఆయన ఉపమానం చెప్పి సంచిలోంచి పుస్తకాలు తీసి అమ్మలేదని మరుసటి పూట గుర్తొచ్చింది. రెండు రోజులు ఉపవాసం ఉన్నాను.

మా ఆయన అన్నం పళ్లెం ముందు పెట్టుకుని అడిగాడు. "గింత దానికి ఉపవాసమెందుకు? పోయి చెప్పు."

"ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

"నీకు ఫిట్స్ ఉన్నయా?"

"లెవ్వు."

"గదే చెప్పు. ఇగ తిను."

రెండో శనివారం బడికి సెలవు. హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి ఇంకొకటి. పాస్టరమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం ఆమె కూతురు ఇల్లు ఆ క్వార్టర్లలోనే, మా పెద్దమ్మ వాళ్లు ఉన్న వరుసకు నాలుగు వరుసల అవతల. నవల కోసం ఊహించిన వాకిట్లోకి నిజంగా నడుస్తున్నట్టు అనిపించి భయమేసింది.

కూతురు తలుపు తీసింది. నేను ఎవరో చెప్పగానే లోపల ఉన్న తల్లి వైపు తిరిగి అరిచింది. "ఓ అవ్వా, నీ గోలీలు పారేయించిన మేడం వచ్చింది, లే." తర్వాత నా వైపు చూసి, "టీచరటగద మీరు. బడిల పోరగాండ్లకు గూడ గిట్లనే చెప్తరా?" అంది.

గూడూరు అక్క మంచం మీద నుంచి లేచి చేతులు జోడించింది. నొసటి మీద దెబ్బ పక్కు కట్టి ఉంది. దిండు పక్కన నా పుస్తకం, పాలిథిన్ కవరులో చుట్టి పెట్టి ఉంది.

"వందనాలు అక్కా. కూసోన్రి. బిడ్డా, చాయ్ వెట్టు."

"వెడుత. చాయ్ తాగాల్నో, అది గూడ పారేయాల్నో ఆమెనే అడుగు."

దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. మా ఆయన చెప్పిన మాటే వచ్చింది. "అక్కా, నాకు ఫిట్స్ లెవ్వు."

"ఎరుకనే అక్కా. ప్రభువు తీసేసిండు గద."

"తీసేసుడు కాదు. నాకు ఎన్నడూ లేకుండె. గది కథ. నేను కల్పించి రాసిన. అండ్ల ఉన్నామె నేను కాదు. అసలు గా మనిషే లేదు."

ఆమె ముఖం మారింది. "లేదా? సచ్చిపోయిందా? గోలీలు బంద్ చేసినంకనా?"

"సచ్చుడు కాదక్కా. అసలు పుట్టనే లేదు."

కూతురు వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది. ఈసారి మీరు అనలేదు. "మరి స్తోత్రమని మొదలువెట్టినవ్. సాక్ష్యాల కాడ నిలబడ్డవ్. దేవుని ముంగట నిలబడి లేని మనిషి ముచ్చట చెప్పినవా?"

కవరు విప్పి పదిహేనో అధ్యాయం చదివి వినిపించాను. పొయ్యి, పడిపోవడం, కాలిన చెయ్యి, దవాఖాన. ఆమె కదలకుండా విన్నది. కథ వినేవాళ్లను నేను చాలామందిని చూశాను, అంత జాగ్రత్తగా విన్నవాళ్లను చూడలేదు. అయిపోయాక అడిగింది.

"గిది గూడ నువ్వు కల్పించిందే గద?"

"అవునక్కా."

"మరి ముందుగాలది అబద్ధమైతె గిది నిజమెట్లయితది? గప్పుడు గోలీలు పారేయమన్నవ్, గిప్పుడు ఏస్కోమంటున్నవ్. లేని మనిషి మాట ఏది వట్టుకోవాలె నేను?"

ఏడేళ్లు రాసిన నవల గురించి ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. పుస్తకం మూశాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఇంట్లోవాళ్లు తప్ప ఎవరికీ తెలియని ముచ్చట ఒకటి నోట్లోంచి వచ్చింది. మా నాయినకు బీపీ ఉండేది. రోజూ పొద్దున మా అవ్వ నీళ్లూ గోలీ ఇస్తే మింగి సైకిలు ఎక్కేవాడు. ఊళ్లలో రోగుల మీద చేతులు పెట్టి ప్రార్థించేవాడు. తనకు బీపీ ఉందని, గోలీలు వేసుకుంటానని సంఘంలో ఎన్నడూ చెప్పలేదు. ఆయన పోయాక కోటు జేబులో సగం వాడిన గోలీల పట్టీ దొరికింది. ఆయన విశ్వాసం నిజమైనదని నాకు తెలుసు. మరి ఎందుకు చెప్పలేదో ఆయనను నేను ఎప్పుడూ అడగలేదు.

"గిది నిజమేనా?"

"నిజం."

"ఏ పుస్తకంలనన్న రాసినవా?"

"రాయలేదు."

"రాయనిదైతె నమ్ముత" అంది ఆమె.

కూతురు మెల్లగా వచ్చి నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది. అక్క మంచం అంచున సర్దుకుని కూర్చుని ఒక షరతు పెట్టింది. "రేపటి నుంచి ఏస్కుంట. గని యాడైతె చెప్పినవో ఆడనే నిలబడి చెప్పాలె. నీకు ఫిట్స్ లెవ్వన్నదిగూడ, మీ నాయిన ముచ్చటగూడ. నా అసువంటోళ్లు ఇంకెందరున్నరో. చెప్పకపోతె మళ్ల బంద్."

"రేపెందుకే, గిప్పుడే ఏస్కో" అని కూతురు నీళ్లు తెచ్చింది. ఆమె మింగింది. ఎప్పుడో ఫిట్స్ డాక్టరును అడిగి ఉంచిన చీటీని కూతురు నాకు చూపించింది, మానేసిన గోలీలు మళ్లీ ఎట్లా వేయాలో దాని మీద రాసి ఉంది. తల్లి ఒప్పుకునే రోజు కోసం ఆ పిల్ల దాన్ని కొంగున కట్టుకుని తిరిగిందని అప్పుడు తెలిసింది.

తర్వాతి కూడికకు పుస్తకాలు తీసుకపోలేదు. పాస్టరమ్మ నా ఒట్టి చేతులు చూసి, "తేలేదా అక్కా? మస్తుమంది అడుగుతున్నరు" అన్నారు. సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. స్తోత్రం అని మొదలుపెట్టే హక్కు నాకుందా అని ఒక క్షణం ఆగాను, అనకుండా ఉండలేకపోయాను. పోయినసారి చదివింది నవలలోని ముక్క అని, నాకు ఆ జబ్బు ఎన్నడూ లేదని, ఎవరైనా అది విని మందులు ఆపి ఉంటే నా వల్ల జరిగిన తప్పని, దవాఖానకు పోయి అడగమని చెప్పాను. మా నాయిన గోలీల సంగతి కూడా చెప్పాను. ఆయన చేత బాప్తిస్మం తీసుకున్న వాళ్లు ఇద్దరు ఆ హాల్లోనే ఉన్నారు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలమ్మ, ఆమేన్ అంది. ఆమె వెనక ఇంకొందరు అన్నారు. వాళ్లు దేనికి ఆమేన్ అన్నారో నాకు తెలియదు. కొందరికైనా అర్థమైందనే అనుకుంటున్నాను. బయట పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, కోపం లేకుండానే అన్నారు. "నిజం చెప్పిన్రు, మంచిదే అక్కా. గని నేను గా అక్కను చూపించి ఎంతమందిని బలపరిచిన్నో. ఇగ వాళ్లకు ఏం చెప్పాలె?"

గూడూరు అక్క కూతురితో కలిసి వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. అందరూ పోయేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. సంచిలోంచి గోలీల పట్టీ తీసి ఖాళీ అయిన గుంటలు వేలితో చూపించింది.

"చూడు, రోజు ఏస్కుంటున్న."

"సంతోషం అక్కా. మళ్ల పడ్డవా?"

"పడలే. పానం మంచిగనే ఉన్నది." పట్టీని మళ్లీ సంచిలో పెట్టుకుంది. "గని ఒకటి చెప్త ఇను. మునుపు చాయ్ తాగినట్టు మింగేదాన్ని, దేవునితోని దానికి ఏం పని లేకుండె. గిప్పుడు గోలీ నోట్లె వేసుకున్నప్పుడల్ల, గీ మనిషి నన్ను నమ్ముతలేదని ఆయన అనుకుంటున్నడేమో అనిపిస్తది. నీ కథ ఇనకముందు నాకు గీ పరేషాన్ లేకుండె."

ఆయన అట్లా అనుకోడు అని చెప్పాలనుకున్నాను. నా నోటి మాట ఆమెకు ఇక ఏం ధైర్యమిస్తుంది? చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. కూతురు పిలిస్తే ఆటో దగ్గరికి పోయింది.

అప్పటి నుంచి ఆమె పడలేదని కూతురు వారానికొకసారి చెప్తుంది. ఆమె పానం దక్కింది. ఆమె మనసులో ఇంతకుముందు లేని ముల్లు ఒకటి నా వల్ల దిగింది. రెండూ నేను చేసినవే. ఏది ఎక్కువో తూచడం నాకు చేతకావడం లేదు. అందుకే చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను, ఒక్క నిమిషం నాతో పాటు కళ్లు మూసుకోండి. తండ్రీ, ఆ అక్క గోలీ మింగే పూట నువ్వు ఆమె పక్కనే ఉన్నావని ఆమెకు తెలియజెయ్యి. నేను చెప్తే నమ్మదు, నువ్వే చెప్పు. నేను ఇక రాయాలో వద్దో, రాస్తే ఎట్లా రాయాలో నాకు తెలియదు. నీకు తెలిసింది నాకు కొంచెం తెలియనివ్వు. ఆమేన్ అనే ముందు మీరు దేనికి ఆమేన్ అంటున్నారో ఒకసారి చూసుకుని, అప్పుడు నాతో కలిసి అనండి.